పన్నెండు నిమిషాల దయ్యం

మా ఇంట్లో ఉండేది నలుగురం. నలుగురికీ నాలుగు దయ్యాలు.

మా అత్త చెన్నమ్మది గుడారం సినిమాల నాటి దయ్యం. దానికి కోరలు, నెత్తిన కొమ్ములు. ఎక్కడో కొండల అవతల గుహలో ఉంటుంది. కత్తి పట్టుకున్న వీరుడొకడు పోయి, దాని ప్రాణం ఎందులో దాచిందో కనుక్కుని చంపి వస్తాడు. ఆమె ఇసుకలో కూర్చుని, శెనక్కాయలు తింటూ చూసి, ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయేదంట.

నా దయ్యం వీడియో డెక్కుల నాటిది. ఏడో తరగతిలో ఉండగా వీధిలోవాళ్ళు డెక్కు బాడుగకు తెచ్చి అరుగు మీద పెట్టి వేశారు. తెల్లచీర, విరబోసిన జుట్టు, గజ్జెల చప్పుడు, ఊరి బయట పాడుబడ్డ బంగళా. నెల రోజులు దొడ్లోకి పోవాలన్నా మా అమ్మ కొంగు వదల్లేదు. చదువు ఆ ఏడే ఆగిపోయింది, భయం మాత్రం ఆగలేదు.

నా మగడు నాగేశ్వరకు దయ్యమంటే నవ్వు. ఆయన ఎంచుకుని చూసేవన్నీ పక్క వాటాలో చేరిన దయ్యాన్ని చూసి నలుగురు లావుపాటి మగవాళ్ళు ఒకరి మీదొకరు పడే సినిమాలు. మగ్గం దిగి అన్నం తింటూ సెల్లులో అవే చూసి, పొలమారేదాకా నవ్వుతాడు.

మా బిడ్డ నిఖిత దయ్యాన్ని మాత్రం నేనెప్పుడూ చూడలేదు. అది కనపడదంట.

పోయిన ఎండాకాలం డిగ్రీ చివరి పరీక్షలు రాసి నిఖిత ఇంట్లో కూర్చుంది. మూడేళ్ళు ధర్మవరం నుంచి అనంతపురానికి రోజూ రైల్లో పోయి వచ్చింది. హాస్టల్లో పెడదామని అందరూ అన్నారు, నేనే వద్దన్నాను. బండి పది నిమిషాలు ఆలస్యమైతే నా కళ్ళకు పట్టాలు తప్పిన పెట్టెలే కనపడతాయి. నాకు టైపు చేయడం రాదు. మాట రికార్డు చేసి పంపుతాను, ఎక్కినావా, దిగినావా, తిన్నావా అని. ఎన్ని పంపానో నాకు లెక్కలేదు.

ఆ పిల్ల ఇప్పుడు హైదరాబాదులో సినిమా ఎడిటింగు చదువుతానంది. రెండేళ్ళు, హాస్టలు. మే నెలాఖరులోగా పన్నెండు నిమిషాల సినిమా ఒకటి తానే తీసి పంపాలంట. నచ్చితే పిలుస్తారంట.

"తీసుకో, పంపుకో. పిల్చినా నేను పంపేది లేదు," అన్నాను.

"అది పిల్చినప్పుడు సూద్దాంలే మా," అంది. సెల్లుతోనే తీస్తుంది, స్నేహితురాలు చంద్రిక అందులో నటిస్తుంది. దయ్యం సినిమా. ఎండాకాలమంతా కళ్ళ ముందే ఉంటుంది కదా అని నేనూ ఊరుకున్నాను.

ఒకరోజు మధ్యాహ్నం నేను మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాను. అత్త రాట్నం ముందు కండెలు చుడుతోంది. నిఖిత గోడకానుకుని అందరి దయ్యాల గురించీ అడిగి అడిగి పుస్తకంలో రాసుకుంటోంది.

"అవ్వా, నీ దయ్యాన్ని ఎట్ల సంపుతారు?"

"కత్తితో సంపుతారు. ఇంకెట్ల సంపుతారే, బెల్లం పెట్టా?"

"అమ్మా, నీ దాన్ని?"

"మంత్రగాడొస్తాడు. నిమ్మకాయలు, ముగ్గు. సీసాలో పెట్టి బిరడా కొట్టేస్తాడు."

"నాదాన్ని ఎవురూ సంపరు," అన్నాడు నాగేశ్వర రెండో మగ్గం మీంచి. "దానికేదో అన్యాయం జరిగుంటాది. పగ తీర్చుకోని, ఏడ్పించి, అదే పోతాది. మంచి దయ్యం."

నిఖిత పెన్ను పళ్ళ మధ్య పెట్టుకుని ఆలోచించింది. "ఒకటి గమనించినారా? అవ్వ దయ్యం కొండల అవతల ఉండె. అమ్మది ఊరి బయటికొచ్చె. నాయనది పక్క వాటాలోకొచ్చె. ఏండ్లు గడిచేకొద్దీ దగ్గరికొస్తాండాది."

"ఇప్పుడు యాడుండాదే మరి?" అంది అత్త.

"ఇప్పుడు ఇంట్లోనే అవ్వా. కోరల్లేవు, తెల్లచీరా లేదు. మన ఇంట్లో మనిషి మాదిరే ఉంటాది. మనకు అన్నం పెడతాది. దాన్ని సంపేదానికి ఎవురూ రారు. ఒకరి నుంచి ఇంకొకరికి పోతాది, అంతే."

"అట్లాంటిది చూసేదానికి టికెట్టు పెట్టేది ఎందుకే," అని అత్త కండె మార్చుకుంది. "మీ అమ్మను చూస్తాంటే సాలదా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

వైశాఖ అమావాస్య వచ్చింది. అమావాస్య నాడు మా వాళ్ళెవరూ మగ్గం ముట్టరు. మామూలు రోజుల్లో తెల్లవారకముందే మొదలై వీధంతా టకటకలాడుతూ ఉంటుంది, మాట్లాడాలంటే అరవాలి. అమావాస్య నాడు మాత్రం కాకి రెక్క విదిలించినా వినపడుతుంది. ఆ రోజు మగ్గం దానంతటది ఆడితే, చచ్చినవాళ్ళెవరో నేస్తున్నట్టని, వాళ్ళు నేసేది ఆ ఇంటి పిల్లకు కప్పే గుడ్డేనని మా అత్త నేను కాపురానికొచ్చిన కొత్తలో చెప్పింది. ఆమె మాట వరసకు చెప్పి మర్చిపోయి ఉంటుంది. నేను మర్చిపోలేదు.

ఆ మధ్యాహ్నం నాగేశ్వర చౌడమ్మ గుడికి పోయాడు. అత్త తన చెల్లెలి ఇంటికి పోయింది. నిఖిత చంద్రిక వాళ్ళింటికి పోతానని చెప్పి పోయింది. నేను వీధి తలుపుకు తాళం వేసి, నీళ్ళ ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి బిందెతో తిరిగొచ్చాను. ఎండ నెత్తి మీద నిప్పులు పోసినట్టుంది. వీధిలో మనిషి లేడు, చప్పుడు లేదు.

తాళం మీద చెయ్యి పెట్టాను. లోపల మగ్గం ఆడుతోంది.

వేరే ఎవరి మగ్గమో అనుకోవడానికి లేదు. పెళ్ళైనప్పటి నుంచీ కూర్చునే మగ్గం, పోగును అటూ ఇటూ మోసే దాని నాడె ఎటు పోయేటప్పుడు ఏ చప్పుడు చేస్తుందో నాకు తెలుసు. నా మగ్గమే. నా వేగమే. నేను బయట నిలబడి, నేను నేస్తున్న చప్పుడు వింటున్నాను.

నిఖిత యాడికి పోయింది? నిజంగా చంద్రిక ఇంటికే పోయిందా? పక్కింటి మారెక్క దగ్గరికి పరుగెత్తాను.

"మారెక్కా, పసుపు! ఉన్నెదంతా ఇయ్యి!"

"ఏమైందే? ఎవురికేమైంది?"

పసుపు డబ్బా లాక్కుని మొత్తం బిందెలో కుమ్మరించాను. ఆమె వెనకాలే వస్తూ, "ఇల్లు శుద్ధి చేసేదానికైతే నాలుగు సుక్కలు సల్లాల్నే, బిందెడు కాదు!" అని అరుస్తోంది. తాళం ఎట్లా తీశానో తెలియదు. లోపల మగ్గం మీద ఎవరూ లేరు. పడుగు నిశ్చలంగా ఉంది, నాడె పక్కన పెట్టిన చోటే ఉంది. చప్పుడు మాత్రం ఆగకుండా వస్తోంది.

బిందె ఎత్తి పోసేశాను.

"మా! పడుగు! పడుగు మా!"

బీరువా చాటు నుంచి నిఖిత దూకింది. పెరటి తలుపు దగ్గర నుంచి చంద్రిక. చప్పుడు ఒక్కసారి గరగరమని ఆగిపోయింది. మగ్గం కింద చిన్న స్పీకరు డబ్బా పసుపు నీళ్ళలో తేలుతోంది. నేను నేసేటప్పుడు రికార్డు చేసుకున్న చప్పుడంట. మగ్గాలు ఆగినరోజైతే వీధి రొద లేకుండా బాగా వస్తుందని, పెరటి తలుపున దూరి సినిమా తీసుకుంటున్నారంట.

మూడు పెళ్ళి చీరలకు సరిపడా పడుగు, మీగడ రంగు పట్టు. మేం కూలికి నేసిచ్చే మల్లికార్జునయ్య అంగడి నుంచి తెచ్చింది. నా కళ్ళ ముందే పోగు పోగుకూ పసుపు పాకుతూ పోయింది. అరవడానికి కూడా లేదు నాకు, చేసింది నేనే.

నాగేశ్వర వచ్చి, పడుగు మీద చెయ్యి పెట్టి చూసి, వేళ్ళు వాసన చూసుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

"దయ్యం పోయిందా?" అని అడిగాడు. నవ్వలేదు. పడుగు కోసి మడిచి, సంచిలో పెట్టుకుని మల్లికార్జునయ్యకు చెప్పడానికి పోయాడు. మర్నాటి నుంచి వారం రోజులు కొత్త పడుగు పోగులు అతుకుతూనే ఉన్నాం. నేనెవరి ముఖమూ చూడలేదు.

నెలాఖరున నిఖిత సినిమా అయిపోయిందంది. "పంపే ముందు నీకు చూపించాల మా. నువ్వు చూడకుండా పంపను."

మధ్యాహ్నం కిటికీలకు దుప్పట్లు కట్టి, చంద్రిక వాళ్ళన్న ల్యాప్‌టాపు పీట మీద పెట్టారు. అత్త, నాగేశ్వర, మారెక్క, నేను కింద కూర్చున్నాం. అత్త కొంగులో బొరుగులు పోసుకుంది. "దయ్యం రాకపోతే ల్యాప్‌టాపు పగలగొడతా," అంది.

మొదట మా వీధి, ఎండలో. తర్వాత మా ఇల్లు. ఖాళీ మగ్గం, మగ్గం చప్పుడు. చంద్రిక సంచి తగిలించుకుని గడప దగ్గరికొస్తుంది. అంతే, మగ్గం ఆగిపోతుంది.

ఒక గొంతు, "యాడికి?"

చంద్రిక వెనక్కి చూస్తుంది. ఎవరూ ఉండరు. పోయి కూర్చుంటుంది. మగ్గం మళ్ళీ మొదలవుతుంది.

మళ్ళీ లేస్తుంది. మళ్ళీ ఆగిపోతుంది. "తిన్నావా?" ఇంకోసారి. "తలుపు కాడ నిలబడొద్దు." ఇంకోసారి. "ఫోనెత్తవేం? ఎత్తవేం? ఏమైందే నీకు?"

నేను పంపిన మాటలే. మూడేళ్ళవీ దాచిపెట్టుకుంది. నేను చెప్పేటప్పుడు వాటిలో ప్రేమ ఉంటుందనుకున్నాను. ఆ చీకటి గదిలో, ముఖం లేకుండా వింటుంటే అందులో ప్రేమ ఎక్కడుందో నాకే దొరకలేదు. అన్నిటికంటే మగ్గం ఆగడం. నిజమే, బిడ్డ గడప దాటబోతే నా చెయ్యి నాడె మీద ఆగిపోతుంది. ఆ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

అత్త బొరుగులు నమలడం మానేసింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. తెల్లటి ఎండలోంచి ఒక ఆడమనిషి వచ్చింది. జుట్టు ముఖానికి అతుక్కుని ఉంది. చేతులకు పసుపు. కళ్ళు ఎంత తెరుచుకున్నాయంటే రెప్పలే లేనట్టున్నాయి. నోరు తెరిచి ఉంది, గొంతు రావడం లేదు. బిందె ఎత్తి నేరుగా మా మీదకే వచ్చింది.

మారెక్క కెవ్వుమంది. అత్త నా చెయ్యి పట్టుకుని, "ఎవురే అది? ఎవురే ఆ ముండ?" అంది.

అత్త తెర వైపు, నా వైపు, మళ్ళీ తెర వైపు చూసింది. నెమ్మదిగా నా చెయ్యి వదిలేసింది.

ఆ రోజు వాళ్ళ సెల్లు స్టాండు మీద ఆడుతూనే ఉందంట. ఆపడం మర్చిపోయారంట. నేను చూసిన సినిమాల్లో దయ్యానికి రంగు పూసేవాళ్ళు, పొగ పెట్టేవాళ్ళు. ఇక్కడ ఏమీ పెట్టలేదు. పట్టపగలు, నా ముఖం.

సినిమా ఇంకా ఉంది. చంద్రిక పరుగెత్తి ఇల్లు దాటేస్తుంది. ఏదో ఊరు, ఏదో హాస్టలు గది. హాయిగా నిద్రపోయి లేస్తుంది. గదిలో ఇంకో పిల్ల, ముఖం కనపడదు, చెప్పులేసుకుని తలుపు దగ్గరికి పోతుంది. చంద్రిక ఆ పిల్లను పిలవబోయి నోరు తెరుస్తుంది. ఆ నోట్లోంచి నా గొంతు వస్తుంది. "యాడికి పోతాండావ్?"

అక్కడితో అయిపోయింది.

నాగేశ్వర లేచి దుప్పట్లు విప్పాడు. వెలుగొచ్చింది. మారెక్క ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయింది, చంద్రిక ఆమె వెనకే. నేను పెరట్లోకి పోయి తొట్టి దగ్గర నిలబడ్డాను. నిఖిత వచ్చింది.

"మీ అమ్మను దయ్యం చేసి ఊరికి చూపిస్తావా మే?" అన్నాను.

"నువ్వు దయ్యం కాదు మా."

"మరెవురు?"

"నీకు పట్టిందే, అది." చెప్పి తలొంచుకుంది. "నాక్కూడా పట్టింది మా. రైల్లో ముక్కూ మొగం తెలీని పిల్లోళ్ళను తలుపు కాడ్నుంచి లోపలికి రమ్మని తిడతా. ఇంట్లో గ్యాసు కట్టేసినావో లేదో అని క్లాసులో కూర్చోని చెమటలు పడతాయి. నీకు చెప్తే ఇంకా భయపడతావని చెప్పలేదు. హైదరాబాద్ నాకు ఎడిటింగ్ కోసరమే కాదు."

బిడ్డకు ధైర్యమెక్కువ, నాకే భయం అనుకుంటూ వచ్చాను ఇరవై ఏళ్ళు. బస్సుకు భయపడ్డాను, రైలుకు భయపడ్డాను, దారిన పోయే మగవాళ్ళందరికీ భయపడ్డాను. దానికేదో ఒకటి జరుగుతుందని కాచుకుని కూర్చున్నాను. జరగాల్సింది ఎప్పుడో జరిగిపోయింది, ఈ ఇంట్లోనే, నా చేతుల్లోనే.

"నువ్వొద్దంటే ఆ బిందె సీను తీసేస్తా," అంది.

"తీసేస్తే?"

"తీసేస్తే ఏముంటాది మా? ఏం లేదు అందులో."

తొట్టిలో నీళ్ళు తీసుకుని ముఖం కడుక్కున్నాను. రెండుసార్లు.

"ఉండనీ," అన్నాను.

జూన్ రెండో వారంలో ఇంటర్వ్యూకు రమ్మని పిలుపొచ్చింది. పొద్దున్నే అనంతపురం పోయి అక్కడ బస్సెక్కాలి. హైదరాబాదులో చంద్రిక పిన్నమ్మ ఇంట్లో దిగాలి. ఒక్కతే. నాగేశ్వర తోడు పోతానంటే నేనే వద్దన్నాను. ఆయన నన్ను విచిత్రంగా చూశాడు.

పోయే రోజు నిఖిత సంచి తగిలించుకుని గడపలో నిలబడింది. నిలబడే ఉంది. నా నుంచి రావలసిన మాటలన్నిటి కోసం కాచుకున్నట్టు. అవన్నీ నా నాలుక కొసన వరసగా నిలబడి ఉన్నాయి. పళ్ళు బిగబట్టుకున్నాను.

"పోయిరా," అన్నాను.

"అంతేనా?" అంది. నవ్వబోయి మానేసి, పోయింది.

ఫోను మగ్గం పక్క గూట్లో పెట్టాను. ఎనిమిదైంది. పదైంది. గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నానే గానీ నాడె తోయలేదు. బస్సు బోల్తా పడింది నా కళ్ళ ముందు, ఒకసారి కాదు. కర్నూలు దాటాక లారీ గుద్దింది. ఎవడో పక్క సీట్లో కూర్చున్నాడు. అన్నీ చూశాను. చెయ్యి గూటి వైపు పోయినప్పుడల్లా రెండో చేత్తో పట్టుకున్నాను. నాగేశ్వర తన మగ్గం దిగి, నా ముందు అన్నం పళ్ళెం పెట్టి, బజారుకు పోయాడు. అత్త పక్క మీద ఒత్తిగిల్లి పడుకుంది.

రెండు గంటలప్పుడు ఫోను మోగింది. నిఖిత.

అయిపోయింది అనుకున్నాను. ఎవరో దాని ఫోను తీసి, ఇంటి నంబరు వెదికి చేస్తున్నారు. ఎత్తాను.

"ఏం మా, ఫోన్ చెయ్యలేదేం?" దానిదే గొంతు. "పొద్దున్నుంచి ఒక్క మెసేజీ లేదు. ఏమైంది? నీకు బాగుండాదా? పడినావా యాడన్నా? నాయన యాడ? అవ్వకు ఏమన్నా అయిందా? నిజం చెప్పు మా, దాస్తాండావు కదా?"

ఊపిరి తీసుకోకుండా అడుగుతోంది. నా మాటలు, నా తొందర, చివర్లో గొంతు పైకి లేచి చీలిపోవడం కూడా నాదే. సినిమాలో అయితే పైనుంచి అతికించింది. ఇప్పుడు దేన్నీ అతికించలేదు.

"నాకేం కాలేదు," అన్నాను. "అందరం బాగుండాం. నేస్తాండా."

"మగ్గం సప్పుడు రాలేదే మరి?"

ఫోను పడుగు పక్కన పెట్టి, కాలితో తొక్కి, నాడె విసిరాను. పోగును దగ్గరికి కొట్టాను. మళ్ళీ విసిరాను. బుటా ఎక్కడ రావాలో చూడలేదు, కళ్ళలో నీళ్ళు అడ్డం. చేతికొచ్చినట్టు నేస్తూనే పోయాను.

"ఇనపడతాందా?" అని అరిచాను.

"ఆ... ఇనపడతాంది మా." గొంతు కిందకు దిగింది. వెనకాల బస్సులో ఎవరో పిల్లాడు ఏడుస్తున్నాడు, ఎవరో నవ్వుతున్నారు. "ఇనపడతాంది."

"అయితే పెట్టేయ్. దారి చూసుకో."

అది పెట్టలేదు. నేనే ఫోను తీసి ఎర్ర గుర్తు నొక్కి, గూట్లో పెట్టాను. అటువైపు మనిషి ఉండగా నేను ఫోను పెట్టేయడం అదే మొదలు.

నేసింది నాలుగు వేళ్ళ మేర. బుటా పక్కకు జరిగి, జరీ ఉండల్లే లేచి, చూడడానికి లేకుండా ఉంది. విప్పాలి. పేక పోగు ఒక్కొక్కటీ పడుగు తెగకుండా వెనక్కి లాగుతూ కూర్చుంటే సాయంత్రమైంది. ఆ పని అయ్యేదాకా గూటి వైపు తల తిప్పలేదు.